ఇంట్లో తాజా రసం: తీసే పద్ధతి, తాగవలసిన మోతాదు, దక్కే మేలు

బత్తాయి పండును ఒలిచి తొన తొనగా తినేవారు ఒక పండుతోనే తృప్తి పడతారు, మహా అయితే రెండో పండులో సగం తింటారు. అవే పండ్లను పిండి గ్లాసులో పోస్తే మూడు పండ్ల రసం రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతుంది, అయినా కడుపు నిండినట్టు అనిపించదు. ఇంట్లో రసం తీసుకోవడం వల్ల కలిగే మేలుకైనా, దానివల్ల జరిగే పొరపాటుకైనా మూలం ఈ తేడాలోనే ఉంది. 1977లో ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆపిల్‌ను పండుగా, గుజ్జుగా, రసంగా మూడు విధాలుగా ఇచ్చి చూశారు. పండును నమిలి తినడం కంటే రసాన్ని 11 రెట్లు వేగంగా తాగేయగలిగారు. ఆకలి మాత్రం పండు తిన్నప్పుడు తీరినంతగా తీరలేదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా పెరిగింది. పండులో ఉన్న చక్కెరే రసంలోనూ ఉంది, కానీ దాన్ని పట్టి ఉంచే పీచు మాత్రం పోయింది.

ఇది చెప్పడం రసం మానేయమనడానికి కాదు. పద్ధతి తెలిసి తీసుకుంటే ఇంటి రసం నిజంగా మంచిది. బజారులో గ్లాసుకు రెండు మూడు చెంచాల పంచదార పడుతుంది, ఐస్ ఏ నీటితో గడ్డకట్టిందో తెలియదు, పిండే యంత్రాన్ని ఎప్పుడు కడిగారో తెలియదు. ఇంట్లో ఈ మూడూ మన చేతిలో ఉంటాయి. కలుషితమైన నీటివల్ల, ఐస్ వల్ల టైఫాయిడ్, కామెర్లు వ్యాపించే మన ఊళ్ళలో ఇది చిన్న లాభమేమీ కాదు. దానికి తోడు విటమిన్ సి, పొటాషియం, ఫోలేట్ అనే బి విటమిన్ వంటివి తాజాగా అందుతాయి. ఆ మేలు పూర్తిగా దక్కాలంటే రసం కొద్దిగా ఉండాలి, గుజ్జుతో ఉండాలి, తీసిన వెంటనే తాగాలి, వీలైతే భోజనంతో పాటు తీసుకోవాలి. ఈ నాలుగు మాటలను వంటింటి పనిగా ఎలా మార్చుకోవాలో కింద వివరంగా రాస్తున్నాను.

మొదట గ్లాసు కొలత తేల్చుకోవాలి

పండ్లు కొనడానికి ముందే ఇంట్లో ఏ గ్లాసుతో తాగుతారో చూడండి. మన ఇళ్ళలో మంచినీళ్ళకు వాడే స్టీలు గ్లాసు సాధారణంగా 250 నుంచి 300 మిల్లీలీటర్లు పడుతుంది. రసానికి అది చాలా పెద్దది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 150 మిల్లీలీటర్లు చాలు. ఒక కొలత గ్లాసుతో ఒక్కసారి 150 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి మీ గ్లాసులో పోసి, అది ఎంతవరకు వస్తుందో గుర్తుపెట్టుకుంటే తరువాత కొలవవలసిన అవసరం ఉండదు. కాఫీ తాగే చిన్న గ్లాసును రసానికి కేటాయించడం ఇంకా తేలిక.

ఈ కొలతకు కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం పంచదార, బెల్లం, తేనెలతో పాటు పండ్ల రసంలో సహజంగా ఉండే చక్కెర కూడా తగ్గించుకోవలసిన చక్కెరల లెక్కలోకే వస్తుంది. నమిలి తిన్న పండులోని చక్కెర మాత్రం ఆ లెక్కలోకి రాదు. రోజుకు 2,000 కేలరీల ఆహారం తినేవారికి ఈ చక్కెరలు 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపు ఉంటే మరింత మంచిది. పంచదార వేయని బత్తాయి రసం 150 మిల్లీలీటర్లలోనే సుమారు 12 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే మూడు చెంచాలు. పొద్దున్న కాఫీ, సాయంత్రం టీలలో పడేది దీనికి కలుపుకుంటే హద్దు ఎంత దగ్గరలో ఉందో అర్థమవుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా రసం కంటే పండే మేలని స్పష్టంగా చెబుతున్నాయి.

మేలు లెక్క కూడా చూద్దాం. అదే సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం విటమిన్ సి రోజుకు మగవారికి 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల బత్తాయిలో అది 40 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసుతో రోజు అవసరం చాలావరకు తీరిపోతుంది. రెండో గ్లాసు తాగితే మిగిలిన విటమిన్ మూత్రంలో పోతుంది, చక్కెర మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది.

పండు ఎంపిక, శుభ్రం చేయడం

మనం బత్తాయి అని పిలిచే సాత్‌గుడి రకం తీపి నారింజ జాతికి చెందినది; నల్గొండ, అనంతపురం ప్రాంతాల తోటలు దీనికి పేరుపడ్డాయి. కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు. వేడి ప్రాంతాల్లో పండిన బత్తాయి తొక్క ఆకుపచ్చగా ఉన్నా లోపల పక్వానికి వచ్చి ఉంటుంది. ఒకే పరిమాణంలో ఉన్న రెండు పండ్లను రెండు చేతుల్లో పట్టుకుని, బరువనిపించినదాన్ని తీసుకోండి. తొక్క నున్నగా, పలుచగా ఉండి వేలితో నొక్కితే కాస్త లొంగేది రసమున్న పండు. గరుకుగా, మందంగా, తేలికగా ఉన్న పండులో తొక్కే ఎక్కువ. తొడిమ దగ్గర మెత్తబడిన పండును, బూజు మచ్చ ఉన్న పండును ఆ ముక్క కోసేసి వాడుకోవచ్చనుకోకూడదు, ఎందుకంటే రసం నిండిన పండులో బూజు పైకి కనిపించినంత మేరకే ఆగదు.

ఎలాగూ తొక్క తీసేస్తాం కదా అని కడగకుండా కోయడం చాలామంది చేసే పొరపాటు. తొక్కమీద ఉన్న మట్టి, క్రిములు కత్తి అంచుతో పాటు లోపలికి వెళ్ళి నేరుగా రసంలో కలుస్తాయి. మనం ఆ రసాన్ని కాచం కాబట్టి వాటిని చంపే దశ మరొకటి లేదు. కుళాయి నీటి ధార కింద ఒక్కో పండును చేత్తో రుద్ది కడగాలి. క్యారెట్, బీట్‌రూట్ వంటి దుంపలకు మెత్తటి బ్రష్ వాడాలి. సబ్బు, గిన్నెల ద్రవం వాడకూడదు, అవి తొక్కలోని సన్నని రంధ్రాల్లో నిలిచిపోతాయి. పురుగు మందుల గురించి దిగులు ఉన్నవారు లీటరు నీటిలో 10 గ్రాముల వంటసోడా కలిపి, పండ్లను పావుగంట నానబెట్టి మళ్ళీ మంచినీటితో కడగవచ్చు. 2017లో అమెరికాలో ఆపిల్ పండ్లపై చేసిన పరీక్షలో ఈ పద్ధతి పైపైన ఉన్న రెండు రకాల మందులను మామూలు నీటికంటే బాగా తొలగించింది. తొక్కలోకి ఇంకిపోయిన మందును మాత్రం ఇదీ తీయలేదు. అందుకే మైనం పూత ఉన్న ఆపిల్‌ను రసానికి తొక్క తీసి వాడడమే మంచిది.

పనిముట్లు: ఉన్నవి చాలు

రసం తాగుదామనుకున్న ఇంట్లో మొదట ఖరీదైన యంత్రం గురించి చర్చ మొదలవుతుంది. నెమ్మదిగా నలిపి పిండే కోల్డ్ ప్రెస్ యంత్రంలో నురగ తక్కువ, గాలి కలవడం తక్కువ, పిప్పి పొడిగా వస్తుంది. ఇవి నిజమే. అయితే తీసిన రసాన్ని వెంటనే తాగేవారికి పోషకాలలో తేడా అంత డబ్బు పెట్టదగినంత ఉండదు. నిమ్మ, బత్తాయిలకు శంకువు ఆకారపు గాజు లేదా స్టీలు పిండే గిన్నె. దానిమ్మ, క్యారెట్, బీట్‌రూట్‌లకు మిక్సీ. రంధ్రాలు కాస్త పెద్దగా ఉన్న ఒక స్టీలు వడగిన్నె ఉంటే పని జరిగిపోతుంది. నా దృష్టిలో వాటికంటే ముఖ్యమైనది ఆ వడగిన్నె. సన్నని గుడ్డలోనూ టీ వడపోతలోనూ వడకడితే గుజ్జంతా పైన మిగిలి, కింద రంగు తీపి నీళ్ళు దిగుతాయి. పెద్ద రంధ్రాల వడగిన్నె గింజలను, పెద్ద పొరలను ఆపి గుజ్జును వదిలేస్తుంది.

రాగి, ఇత్తడి, కళాయి లేని పాత్రల్లో పుల్లని రసం తీయకూడదు, ఉంచకూడదు. పులుపు ఆ లోహాన్ని కరిగిస్తుంది. రాగి కొద్దిగా కలిసినా విటమిన్ సి త్వరగా నశిస్తుంది. రాగి చెంబులో నీళ్ళు తాగే అలవాటున్న ఇళ్ళలో పొరపాటున అందులోనే నిమ్మరసం కలపడం చూశాను. గాజు, స్టీలు, పింగాణీ వాడుకోవాలి.

బత్తాయి రసం: ఒక గ్లాసు తీసే తీరు

ఒకరికి రెండు మధ్యరకం పండ్లు సరిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పండ్లయితే పది నిమిషాలు బయట ఉంచి, బల్లమీద అరచేత్తో అదిమి నాలుగైదు సార్లు దొర్లించండి. లోపలి రసపు తిత్తులు వదులై రసం సులువుగా దిగుతుంది. కడిగి తుడిచిన పండును అడ్డంగా, అంటే తొడిమ ఒకవైపు, అడుగు ఒకవైపు వచ్చేలా కోయాలి. అలా కోసినప్పుడు ప్రతి తొనా చక్రంలో రెక్కలా తెరుచుకుంటుంది, గింజలు నడిమిన కనిపిస్తాయి. వాటిని కత్తి మొనతో ముందే తీసేయండి.

సగం ముక్కను శంకువుపై బోర్లించి, మణికట్టుతో అటూ ఇటూ తిప్పుతూ పిండాలి. తెల్లటి మెత్తటి పొర తగలగానే ఆపేయాలి. చివరి చుక్కదాకా నలిపేస్తే ఆ పొర కూడా రసంలో కలిసి చేదు ఎక్కువవుతుంది. తొనలను మిక్సీలో వేసేవారు పైపొరా, గింజలూ తీసి, రెండు మూడు సార్లు మాత్రం క్షణకాలం తిప్పి ఆపాలి. ఎక్కువసేపు తిప్పితే పొర చితికి చేదు, నురగ రెండూ వస్తాయి.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేసి చూడమని కోరుతున్నాను. తీసిన రసాన్ని రెండు కప్పుల్లో పోసి, ఒకటి వెంటనే తాగండి. రెండోదాన్ని బల్లమీద గంటసేపు ఉంచి రుచి చూడండి. మొదటిది తియ్యగా ఉంటుంది, రెండోది నాలుక చివర తీపిగా మొదలై గొంతు దగ్గర చేదుగా ముగుస్తుంది. పండు పాడైందనో, పాత్ర కడగలేదనో అనుకుంటాం గానీ కారణం అది కాదు. తొనల పొరల్లో, గింజల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పండు చితికి అది పుల్లని రసంతో కలవగానే మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. పండును ఒలిచి తిన్నప్పుడు ఆ మార్పుకు సమయం దొరకదు, అందుకే తొన ఎప్పుడూ చేదనిపించదు. పొద్దున్నే రసం తీసి సీసాలో ఆఫీసుకు పట్టుకెళ్ళేవారు మధ్యాహ్నానికి మొహం చిట్లించడానికి, ఆ చేదు పోవడానికి పంచదార కలపడానికి మూలం ఇదే. తీసిన పావుగంటలో తాగేస్తే పంచదార అవసరమే రాదు.

వడగిన్నెలో వడకట్టాక పైన మిగిలిన గుజ్జును చెంచాతో ఒత్తి, వెనకవైపు అంటుకున్నదంతా గీకి గ్లాసులోకే వేసుకోవాలి. గ్లాసు చిక్కగా, కాస్త గుజ్జుగుజ్జుగా ఉంటే సరిగ్గా తీసినట్టు.

మరో సంగతి. నూజివీడు చిన్న రసం మామిడికి ఏ యంత్రమూ అక్కరలేదు. పండును చేతుల మధ్య మెల్లగా నలిపి, ముచ్చిక తీసి, మొదట కారే జీడిని పిండేసి, నోటితో జుర్రుకుంటాం. టెంకకు అంటిన పీచుదాకా చీకుతాం. గుజ్జు పోకుండా, నిదానంగా, ఒక పండుతో ఆగిపోయే ఆ తీరు రసం తాగడానికి మన పెద్దలు చూపిన మంచి పద్ధతి అని నేను నమ్ముతాను.

మిగతా పండ్లు, కూరగాయలు

దానిమ్మ గింజలను మిక్సీలో మెత్తగా తిప్పితే లోపలి గట్టి విత్తనం పగిలి వగరు వస్తుంది. గింజలు చిట్లి రసం వదిలేంతవరకు, రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా తిప్పి వడకట్టాలి. ఈ రసం గురించి మన ఇళ్ళలో బలంగా పాతుకున్న ఒక నమ్మకాన్ని మాత్రం సరిచేయక తప్పదు. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని గర్భిణులకు, రక్తహీనత ఉన్నవారికి దానిమ్మ, బీట్‌రూట్ రసాలు పట్టుబట్టి ఇస్తారు. ఆ ఎరుపు మొక్కల రంగు, ఇనుము కాదు. వంద గ్రాముల దానిమ్మలో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు, బీట్‌రూట్‌లోనూ ఒక మిల్లీగ్రాముకు మించి ఉండదు. గర్భం లేని స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఈ నమ్మకంతో వైద్యులు రాసిన ఇనుము మాత్రలు పక్కన పెట్టేయడం నిజమైన ప్రమాదం.

రక్తహీనత ఉన్నవారికి రసం ఉపయోగపడే దారి వేరే ఉంది. తోటకూర పప్పులోని ఇనుమును, పెసలు, శనగల్లోని ఇనుమును మన పేగులు సులువుగా పీల్చుకోలేవు. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ఆ పీల్చుకోవడం బాగా పెరుగుతుంది. భోజనంతో టీ తాగితే తగ్గుతుంది. కాబట్టి అరగ్లాసు బత్తాయి రసాన్ని పరగడుపున కాకుండా, ఆకుకూర ఉన్న మధ్యాహ్న భోజనంతో పాటు ఇచ్చి, టీని రెండు గంటల తరువాతకు జరిపితే ఆ చిన్న గ్లాసుకు విలువ పెరుగుతుంది. ఇంట్లో రసానికి నేను చెప్పగలిగిన ఉపయోగాలన్నిటిలో దీన్నే మొదట పెడతాను.

బీట్‌రూట్‌కు దాని మేలు దానికి ఉంది. అందులోని నైట్రేట్లను నోటిలోని మంచి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి, ఒంట్లో అది నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాలను సడలిస్తుంది. దానివల్ల బీపీ కొద్దిగా తగ్గుతుందని పలు అధ్యయనాలు చూపాయి. మందుల స్థానంలో నిలిచేంత మాత్రం కాదు. సగం బీట్‌రూట్, ఒక క్యారెట్, చిన్న అల్లం ముక్కను తరిగి, అరగ్లాసు నీళ్ళతో మిక్సీలో మెత్తగా తిప్పి వడకట్టుకోవాలి. మరునాడు మూత్రం ఎర్రగా కనిపిస్తే భయపడవద్దు, కొందరికి ఆ రంగు అలాగే బయటికి వస్తుంది. క్యారెట్‌లో ఉండి ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ నూనె లేకపోతే సరిగా ఒంటబట్టదు కాబట్టి ఈ రసాన్ని దోసెతోనో, నాలుగు వేరుశనగ గింజలతోనో తీసుకోవాలి. నెలల తరబడి రోజూ ఎక్కువగా తాగితే అరచేతులు పసుపు రంగుకు తిరుగుతాయి. మానేస్తే ఆ రంగు పోతుంది.

ఉసిరి కాయలో విటమిన్ సి వంద గ్రాములకు 250 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది, అంటే బత్తాయికి అయిదు రెట్లు. కార్తీక మాసం నుంచి దొరికే పెద్ద ఉసిరి కాయ ఒక్కటి చాలు. గింజ తీసి, ముక్కలు చేసి, గ్లాసు నీళ్ళతో తిప్పి, వడకట్టి చిటికెడు ఉప్పు వేసుకోవాలి. చక్కెర దాదాపు లేని రసం కాబట్టి బరువు తగ్గాలనుకునేవారికి ఇది అనుకూలం. నిమ్మరసం కూడా అంతే. పైగా అందులోని సిట్రేట్ కొన్ని రకాల మూత్రపిండాల రాళ్ళు ఏర్పడకుండా సాయపడుతుంది. గూడూరు, ఏలూరు, తెనాలి మార్కెట్ల నుంచి వచ్చే మన నిమ్మకాయలు ఏడాది పొడవునా దొరకడం అదృష్టం.

పుచ్చకాయను ముక్కలుగా తినడమే సులువు, దానికి రసం అక్కరలేదు. ద్రాక్ష రసంలో వంద మిల్లీలీటర్లకు సుమారు 15 గ్రాముల చక్కెర ఉంటుంది, చెరకు రసంలోనూ దాదాపు అంతే. ఇవి ఎప్పుడో ఒకసారి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం నూనెలో ఉడికినప్పుడే బాగా అందుతుంది కాబట్టి దాని స్థానం పప్పులోనే. పాలకూరను పచ్చిగా గ్లాసుల కొద్దీ రసం తీసి తాగడం మంచిది కాదు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ, పచ్చిరసంలో అవి ఒక్కసారిగా ఒంట్లో చేరి మూత్రపిండాలను దెబ్బతీసిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

సొరకాయ రసం తీసేముందు

ఈ విషయానికి విడిగా చోటు ఇవ్వడానికి కారణం ఇది ప్రాణాలకు సంబంధించినది కావడమే. ఉదయపు నడక ముగించి పార్కు గేటు దగ్గర ఆకుపచ్చ రసాలు తాగేవారిలో సొరకాయ రసానికి, అంటే ఆనపకాయ రసానికి, మంచి పేరుంది. మామూలు సొరకాయతో ఇబ్బంది లేదు. కానీ సొర, దోస, బీర, పొట్ల ఒకే కుటుంబానివి. ఇవన్నీ అప్పుడప్పుడు కుకుర్బిటాసిన్ అనే విష పదార్థాన్ని తయారు చేసుకుంటాయి, దాని గుర్తు విపరీతమైన చేదు. అలాంటి సొరకాయ రసం తాగినవారికి కొద్దిసేపట్లోనే కడుపునొప్పి, విరేచనాలు, రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాగే మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని నియమించి, చేదుగా ఉన్న రసాన్ని తాగకుండా పారబోయాలని, తాగాక ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని హెచ్చరించింది.

ఈ జాగ్రత్త మన వంటింటికి కొత్త కాదు. దోసకాయ తరిగేటప్పుడు మా అమ్మ మొదట ఒక చిన్న ముక్క కోసి నాలుకమీద వేసుకుంటుంది. చేదైతే ఉమ్మేసి కాయ మొత్తం పారేస్తుంది, మంచిదైతేనే పప్పులోకి వెళుతుంది. రసం తీసేవారు చేయవలసింది అచ్చంగా అదే. తొడిమ వైపు, నడుమ, చివర మూడుచోట్ల చిన్న ముక్కలు రుచి చూడాలి. చేదున్న కాయను ఇంకో కాయతో కలిపి సర్దకూడదు, తేనె, నిమ్మ, పుదీనా వేసి చేదు కప్పిపుచ్చకూడదు. సొరకాయ రసంలో ఇతర రసాలు కలపవద్దని చెప్పడానికి కారణమూ ఇదే: అవి హెచ్చరికగా వచ్చే ఆ చేదును దాచేస్తాయి. చేదుంటేనే మందు అన్న మాటను ఇక్కడ పూర్తిగా మరిచిపోవాలి. కాకరకాయ చేదు వేరు, సొరకాయలో చేదు వేరు.

కలిపేవి, తాగే వేళ, నిల్వ

పంచదార బదులు తేనె, బెల్లం, పటికబెల్లం వేసినంత మాత్రాన లెక్క మారదు, అన్నీ చక్కెరలే. తీపి చాలదనిపిస్తే ఇంకా బాగా పండిన పండు వెతకాలి, లేదా చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి వేసుకోవాలి. ఉప్పు చేదును తగ్గించి తీపిని ముందుకు తెస్తుంది. బీపీ ఉన్నవారు ఉప్పు మానాలి. నీళ్ళు కలిపితే కాచి చల్లార్చినవి లేదా శుద్ధి చేసినవే కలపాలి, ఐస్ కూడా ఆ నీటితోనే చేసుకోవాలి.

పరగడుపున తాగితే ఒంట్లోని మలినాలన్నీ పోతాయన్నది తరచూ వినే మాట. ఆ పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్ళు చేస్తూనే ఉన్నాయి. రోజుల తరబడి రసాలతోనే ఉపవాసం ఉంటే వాటికి అదనపు బలం రాదు, కండ మాత్రం తరుగుతుంది. టిఫిన్‌తోనో భోజనంతోనో తీసుకుంటే చక్కెర నెమ్మదిగా రక్తంలో చేరుతుంది. పుల్లని రసం పళ్ళపై పింగాణీని తాత్కాలికంగా మెత్తబరుస్తుంది కాబట్టి తాగాక నీళ్ళు పుక్కిలించి, అరగంట గడిచాకే పళ్ళు తోముకోవాలి.

నిల్వ చేయక తప్పనప్పుడు గాజు సీసాను అంచుదాకా నింపి, గాలికి చోటు లేకుండా మూతపెట్టి, 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచి, 24 గంటల్లో వాడేయాలి. ఎండాకాలంలో కరెంటు గంటల కొద్దీ పోయిన రోజున ఆ లెక్క పనిచేయదు, పారబోయడమే మంచిది.

ఎవరు ఆగాలి, ఎవరు అడగాలి

మధుమేహం ఉన్నవారు పండు తినాలి, రసం తాగకూడదు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 1,87,000 మందికి పైగా ఆరోగ్య రంగ ఉద్యోగుల ఆహారాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. ద్రాక్ష, ఆపిల్ వంటి పండ్లను పండ్లుగా తిన్నవారిలో మధుమేహం తక్కువగా, రసం ఎక్కువగా తాగినవారిలో ఎక్కువగా కనిపించింది. అయితే ఇన్సులిన్ లేదా మాత్రలు తీసుకునేవారికి షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు వచ్చినప్పుడు 120 నుంచి 150 మిల్లీలీటర్ల రసం వెంటనే తాగించడం సరైన ప్రథమ చికిత్స. ఆ సమయంలో పిప్పి లేని రసమే కావాలి, ఎందుకంటే అప్పుడు కావలసింది వేగం. పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించి చూడాలి.

ఏడాది నిండని పసివారికి రసం పట్టకూడదు. ఆరో నెలలో బత్తాయి రసంతో మొదలుపెట్టే అలవాటు మన ఇళ్ళలో ఎంతో ప్రేమతో వచ్చినదే, పెద్దవారిని నొప్పించకుండా దాన్ని మార్చుకోవాలి: అదే చేత్తో మెదిపిన అరటిపండు తినిపించమని అడగవచ్చు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో సూచించిన ప్రకారం 1 నుంచి 3 ఏళ్ళ వారికి రోజుకు 120 మిల్లీలీటర్లు, 4 నుంచి 6 ఏళ్ళ వారికి 180, ఆపైన 240 మిల్లీలీటర్లు గరిష్ఠ పరిమితి, అంతా తాగించాలని కాదు. పాలసీసాలో పోసి ఇవ్వకూడదు, పళ్ళు పుచ్చిపోతాయి. విరేచనాలు అవుతున్న బిడ్డకు పండ్ల రసం ఇస్తే అందులోని చక్కెర నీటిని పేగుల్లోకి లాగి పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. అప్పుడు ఇవ్వవలసింది ఓఆర్‌ఎస్ మాత్రమే.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి బత్తాయి, దానిమ్మ రసాలు, కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదకరం కావచ్చు. స్టార్ ఫ్రూట్ అని కూడా పిలిచే కరంబోలా కాయ రసం వీరు అసలు తాగకూడదు. కొలెస్ట్రాల్, బీపీ మందుల్లో కొన్నిటి ప్రభావాన్ని గ్రేప్‌ఫ్రూట్ రసం ఎంతో పెంచుతుంది, పంపర పనస కూడా దానికి దగ్గరి బంధువే. రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరల రసాలను ఉన్నట్టుండి మొదలుపెట్టకూడదు. ఈ మూడు వర్గాలవారూ మొదట తమ వైద్యులను అడగాలి.

పిప్పి, పాత్రలు

మిక్సీలో తిప్పి వడకట్టిన క్యారెట్, బీట్‌రూట్ పిప్పిలోనే పీచు ఉండిపోయింది కాబట్టి దాన్ని చెత్తబుట్టలో వేస్తే సగం కూరగాయ పారేసినట్టే. గుప్పెడు పిప్పిని గోధుమపిండిలో కలిపి చపాతీ చేయవచ్చు, దోసెపిండిలో కలపవచ్చు. పోపు పెట్టి, కాస్త పెరుగు కలిపితే బీట్‌రూట్ పెరుగు పచ్చడి అవుతుంది. ఉసిరి పిప్పిని పచ్చిమిర్చి, ఉప్పు, ఇంగువతో నూరితే ఆ పూట పచ్చడికి సరిపోతుంది.

మిక్సీ జారును అప్పటికప్పుడే విడదీసి కడగాలి. మూతలోని రబ్బరు చుట్టును, బ్లేడు కింది గాడిని వేలితో తడిమి చూస్తే జిగురుగా తగులుతుంది. మరునాటి రసంలోకి క్రిములు చేరేది అక్కడి నుంచే. ఆ రబ్బరును ఊడదీసి, పాత పళ్ళ బ్రష్‌తో తోమి, జారును బోర్లించి పూర్తిగా ఆరనిచ్చాకే మూత బిగించాలి.